పురావస్తు శాస్త్రం, అర్థశాస్త్రం: రెండూ కలిపి చదవచ్చా?

ప్రశ్న: నేను గుంటూరులో ఇంటర్ సెకండియర్ ఎంఈసీ చదువుతున్నాను. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. టెన్త్‌లో ఉండగా స్కూలు వాళ్లు అమరావతి తీసుకెళ్లారు. అప్పటి నుంచి ఆర్కియాలజీ మీద మనసు పడింది. ఎకనామిక్స్ కూడా నాకు నిజంగానే ఇష్టం, మార్కుల కోసం కాదు. ఇంగ్లండ్, స్కాట్లండ్ యూనివర్సిటీల్లో ఈ రెండూ కలిపి ఒకే డిగ్రీగా చదవచ్చని తెలిసింది. ఇంట్లో చెబితే నాన్న ఏమీ అనలేదు. బాబాయి మాత్రం "రాళ్లూ రప్పలూ అన్నం పెడతాయా? సీఏలో చేరు" అన్నారు. ఈ రెండు సబ్జెక్టులకీ అసలు పొంతన ఉందా? మన దగ్గర ఎలా చదవాలి? ఉద్యోగం వస్తుందా? ఇప్పటి నుంచే తవ్వకాలకు వెళ్లనిస్తారా?
(పేరు వద్దు, గుంటూరు)

సమాధానం:

అమ్మా, విజయవాడలో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పినదాన్ని. నీలా ఈ రెండు సబ్జెక్టులనూ ఒక్క వాక్యంలో పెట్టి అడిగిన పిల్లలు చాలా తక్కువ మంది. అందుకే నీ ఉత్తరానికి కాస్త పెద్దగానే జవాబు రాస్తున్నాను. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను. పొంతన ఉందో లేదో నీకు నువ్వుగా తేల్చుకుంటే మిగతా ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

నాసిక్ గుహల్లో ఒక శాసనం ఉంది. క్షహరాత వంశపు రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు వేయించాడు. క్రీస్తు శకం మొదటి రెండు శతాబ్దాల నాటిది. భిక్షువుల కోసం 3,000 కార్షాపణాలు (ఆనాటి వెండి నాణేలు) దానం చేశానని అందులో చెప్పుకున్నాడు. అయితే ఆ డబ్బు భిక్షువుల చేతికి ఇవ్వలేదు. గోవర్ధన పట్టణంలోని సాలెవారి శ్రేణుల (వృత్తి సంఘాల) దగ్గర మదుపు పెట్టాడు. ఒక శ్రేణి దగ్గర 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో శ్రేణి దగ్గర 1,000, నెలకు నూటికి ముప్పావు వడ్డీ. అసలు తిరిగి తీసుకునేది లేదు, వడ్డీ మాత్రమే వాడుకోవాలని స్పష్టంగా రాయించాడు. ఆ గుహలో వర్షాకాలం గడిపే ఇరవై మంది భిక్షువులకు తలా 12 కార్షాపణాలు బట్టలకు ఇవ్వాలన్నాడు.

ఇప్పుడు కాగితం తీసి లెక్క వెయ్యి. 2,000 మీద నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు 20, ఏడాదికి 240. ఇరవై మందికి తలా 12 అన్నా 240. పైసా తేడా లేదు. దానం చేసేముందే ఎంత అసలు పెడితే ఎంత ఆదాయం వస్తుందో, అది ఎంతమందికి సరిపోతుందో ఎవరో కూర్చుని లెక్క కట్టారన్నమాట. మీ నాన్నగారు ఈ లెక్క ఒక్కసారి చూస్తే చాలు, వెంటనే అర్థమైపోతుంది. నూటికి రూపాయి వడ్డీ అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ అదే అర్థంతో నడుస్తోంది కదా.

అసలు చదువు ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఊళ్లో రెండు శ్రేణులు రెండు వేర్వేరు వడ్డీలు ఎందుకు ఇచ్చాయి? ఒక దాని మీద నమ్మకం తక్కువా? లేక చిన్న మొత్తానికి చిన్న వడ్డీయా? రాజుగారి అల్లుడు డబ్బు పెడతానంటే కాదనలేక తీసుకున్నారా, లేక నేతపనికి పెట్టుబడి నిజంగా కావలసి వచ్చిందా? ఏడాదికి నూటికి పన్నెండు వడ్డీ కట్టి కూడా మిగుల్చుకోవాలంటే బట్ట అమ్మకం ఎంత గిట్టుబాటుగా ఉండాలి? ఆ బట్ట ఎక్కడికి పోయేది? రాతి మీది అక్షరాలు చదవడం, కాలం నిర్ణయించడం పురావస్తు శాస్త్రం పని. నేను పైన వేసినవన్నీ అర్థశాస్త్రం ప్రశ్నలు. ఒకటి తెలిసి రెండోది తెలియని వాళ్లకు ఈ శాసనంలో సగమే కనిపిస్తుంది. అదే శాసనంలో 35 కార్షాపణాలకు ఒక సువర్ణం (బంగారు నాణెం) అని మారకం రేటు కూడా ఉంది. వెండికీ బంగారానికీ ఉన్న నిష్పత్తి గురించి అంతకంటే సూటిగా చెప్పే ఆధారం ఆ కాలానికి దొరకడం కష్టం.

నాసిక్ దాకా ఎందుకు, మన దగ్గరికే రా. అమరావతి స్తూపానికి పలకలు, స్తంభాలు ఇచ్చినవాళ్ల పేర్లు చూస్తే రాజులకంటే మామూలు గృహస్థులే ఎక్కువ కనిపిస్తారు. వర్తకులున్నారు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లున్నారు, భిక్షుణులున్నారు, ఇల్లాళ్లున్నారు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి దానమిచ్చాడు. తోలుపని చేసుకునే మనిషి పలనాటి సున్నపురాయి పలక కొని, శిల్పితో చెక్కించి, దాని మీద కుటుంబమంతటి తరఫున రాయించుకోగలిగాడంటే ఆ వృత్తిలో రాబడి ఎలా ఉండేది? సంఘంలో అతని స్థానం ఏమిటి? ఇప్పటి మన అలవాట్లతో ఊహించి చెప్పకూడదు, ఆధారంతో చెప్పాలి.

ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఎకనామిక్స్ నేర్పుతుంది. ఇచ్చినవాళ్ల పేర్లే రాతి మీద మిగిలాయి. ఇవ్వలేని కూలివాళ్లు, ఇచ్చినా పేరు రాయించుకోనివాళ్లు ఆ జాబితాలో లేరు. ఆ పేర్లు లెక్కపెట్టి "అప్పట్లో అందరూ బాగానే బతికారు" అని రాసేస్తే, బంగారం కొట్టు ముందు నిలబడి ఊరి ఆదాయం అంచనా వేసినట్టే. శాంపిల్ ఎలా వచ్చింది అని అడగడం స్టాటిస్టిక్స్ మొదటి పాఠాల్లోనే నేర్పుతారు. తవ్వకాల రిపోర్టులు చదివేటప్పుడు ఈ అలవాటు బాగా అక్కరకొస్తుంది.

ఇక అమరావతి పక్కనే ఉన్న ధరణికోట. 1960లలో పురావస్తు శాఖ అక్కడ తవ్వినప్పుడు నది నుంచి లోపలికి వచ్చే కాలువ, దాని ఒడ్డున పడవలు ఆగే రేవు బయటపడ్డాయి. అంటే స్తూపం చుట్టూ భక్తి ఒక్కటే లేదు, సరుకు కూడా నడిచింది. గ్రీకు నావికుల మార్గదర్శి గ్రంథం పెరిప్లస్ మన తీరాన్ని మసాలియా అని పిలిచి, అక్కడ నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. అటు రోములో ప్లినీ అనే రచయిత, భారతదేశం ఏటా తమ సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని వాపోయాడు. ప్లినీ మాటను యథాతథంగా తీసుకోవాలా? అతనికి విలాసాల మీద కోపం, ఆ కోపంతో రాశాడు. ఎగుమతి దిగుమతుల లెక్కలు తెలిసినవాళ్లు అతని అంకెను పట్టుకుని నాణేల నిధులతో, రేవుల్లో దొరికిన కుండపెంకులతో సరిచూస్తారు.

కుండపెంకులంటే గుర్తొచ్చింది. అరికమేడు (పుదుచ్చేరి దగ్గర), అమరావతి లాంటి చోట్ల లోపలి అడుగున చుక్కల వలయాలున్న నున్నటి పళ్లేలు దొరుకుతాయి, రూలెటెడ్ వేర్ అంటారు. 1945లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అరికమేడు తవ్వినప్పుడు అవి మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చాయనుకున్నారు. తర్వాత మట్టిని ప్రయోగశాలలో పరీక్షిస్తే అది మన దేశపు మట్టేనని తేలింది. ఒక్క పరీక్షతో దిగుమతి సరుకు కాస్తా స్వదేశీ తయారీ అయిపోయింది! ఆ పెంకుల మీద ఆధారపడి గీసిన వాణిజ్య పటాలన్నీ మళ్లీ గీయాల్సి వచ్చింది.

నాణేల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఎంఈసీ. నీ దగ్గర లెక్కలున్నాయి. డి.డి. కోశాంబి వృత్తిరీత్యా గణిత శాస్త్రవేత్త. తక్షశిలలో దొరికిన విద్ధాంక నాణేల (గుర్తులు కొట్టిన పాత వెండి నాణేల) బరువులను లెక్కకట్టి చూశాడు. చేతులు మారే కొద్దీ నాణెం అరుగుతుంది, కాబట్టి ఎక్కువ కాలం చలామణీలో ఉన్న నాణేల సగటు బరువు తగ్గుతుంది, బరువుల మధ్య తేడా పెరుగుతుంది. ఈ సూత్రంతో, మీద రాజు పేరు గానీ తేదీ గానీ లేని నాణేలను కాలక్రమంలో పెట్టే దారి చూపించాడు. సగటు, విచలనం అని నువ్వు పరీక్ష కోసం చదివేవే ఇవి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి, అన్నీ నహపానుడివి. వాటిలో మూడింట రెండొంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. ఓడిన రాజు డబ్బును కరిగించకుండా దాని మీదే ముద్ర ఎందుకు వేయించాడు, మిగతా మూడోవంతు అలాగే ఎందుకు ఉండిపోయింది, జనం రెండింటినీ ఒకే విలువకు తీసుకున్నారా అనేవి డబ్బు గురించి ఎకనామిక్స్ వాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్నలే.

ఇదంతా పాత పద్ధతి అనుకోకు. టర్కీలో కుల్తెపె అనే చోట సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి అస్సీరియన్ వర్తకుల మట్టిపలకల ఉత్తరాలు, పద్దులు 20 వేలకు పైగా దొరికాయి. గాడిదల మీద తగరం, బట్టలు తీసుకెళ్లి వెండి తెచ్చుకున్న వ్యాపారుల లెక్కలవి. వాటిలో ఉన్న కొన్ని పట్టణాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఆ భాష తెలిసిన పండితుడొకరు, ముగ్గురు ఆర్థికవేత్తలు కలిసి, ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఎంత రాకపోకలున్నాయో లెక్కగట్టి, ఈనాటి దేశాల మధ్య వాణిజ్యానికి వాడే గ్రావిటీ మోడల్‌లో (దూరం పెరిగేకొద్దీ వ్యాపారం తగ్గుతుందనే లెక్కలో) పెట్టి, ఆ పోయిన పట్టణాలు ఎక్కడుండాలో అంచనా కట్టారు. 2019లో ఆ పరిశోధన అచ్చయింది, అదీ ఆర్థికశాస్త్ర పత్రికలో. అంతకు ముందు ఏడాది ఇంకో బృందం గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో చిక్కుకున్న సీసం ధూళిని ఏడాదివారీగా కొలిచి, రోమన్ల కాలంలో గనులు, లోహాల కొలుములు ఎప్పుడు జోరుగా నడిచాయో, ఎప్పుడు కుంటుపడ్డాయో గ్రాఫు గీసింది. రెండు సబ్జెక్టులూ నిజంగా చేతిలో ఉన్నవాళ్ల కోసం ఇంకా ఎంతో పని మిగిలే ఉంది. మన కృష్ణా లోయలో అయితే మరీ ఎక్కువ.

పొంతన గురించి ఇక చాలు. ఇప్పుడు ఎలా చదవాలి అన్నది.

నువ్వు చెప్పిన జాయింట్ డిగ్రీలు నిజమే. బ్రిటన్‌లో రెండు సబ్జెక్టులు దాదాపు సగం సగం చదివి ఒకే ఆనర్స్ పట్టా తీసుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. స్కాట్లండ్ పాత యూనివర్సిటీల్లో ఆర్ట్స్‌లో మొదటి డిగ్రీనే ఎంఏ అంటారు, నాలుగేళ్లు. మన పీజీ ఎంఏ అనుకుని పొరపడకు. చదువు బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ బయటి దేశాల విద్యార్థులకు అక్కడ ఫీజులు ఏడాదికి లక్షల్లో ఉంటాయి, ఆపైన ఉండటానికీ తినడానికీ ఖర్చు. నాన్నగారి జీతం మీద, ఇల్లు తాకట్టు పెట్టి మొదటి డిగ్రీకే అక్కడికి వెళ్లమని నేను చెప్పను. డిగ్రీ ఇక్కడ చేసి, పీజీకి స్కాలర్‌షిప్ మీద వెళ్లే దారి ఉంది. కామన్‌వెల్త్, ఇన్‌లాక్స్ లాంటివి అప్పుడు చూసుకోవచ్చు. చీవెనింగ్‌కు మాత్రం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు.

మన డిగ్రీ కాలేజీల్లో ఆర్కియాలజీ విడిగా మేజర్‌గా దొరకడం అరుదు. హిస్టరీలో ఒకటి రెండు పేపర్లుగా వస్తుంది. అందుకని నా సలహా ఇది: డిగ్రీలో ఎకనామిక్స్ ప్రధానంగా తీసుకో. పక్కన హిస్టరీ దొరికితే హిస్టరీ, లేదా స్టాటిస్టిక్స్ తీసుకో. మేజర్, మైనర్ నిబంధనలు మన రాష్ట్రంలో ఈమధ్య మారుతూ వచ్చాయి కాబట్టి చేరే ఏడాది నోటిఫికేషన్, కాలేజీ ప్రాస్పెక్టస్ రెండూ ముందేసుకుని చూడు. కాలేజీకి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కాదు, డిపార్ట్‌మెంట్‌లో లెక్చరర్‌ని అడుగు: ఈ కాంబినేషన్‌లో గత ఏడాది నిజంగా క్లాసులు జరిగాయా అని. బ్రోషర్‌లో ఉన్న ప్రతి కాంబినేషన్‌కూ క్లాసులు జరుగుతాయన్న నమ్మకం లేదు. బయటి రాష్ట్రానికి పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటే సీయూఈటీ రాయి, సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువ.

ఎకనామిక్స్ ముందు ఎందుకంటున్నాను? అది భద్రమైనదని కాదు. ఎకనామిక్స్‌లో లెక్కలు మెట్టు మెట్టుగా నేర్చుకోవాలి, మధ్యలో వదిలేస్తే ఇరవై మూడేళ్లకు మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం. ఆర్కియాలజీ పీజీలోకి మాత్రం వేరే సబ్జెక్టులు చదివినవాళ్లను కూడా తీసుకుంటారు. పుణెలోని డెక్కన్ కాలేజీ పేరు గుర్తుపెట్టుకో, పురావస్తు శాస్త్రానికి దేశంలోనే పేరున్న చోటు. బరోడాలో ఎంఎస్ యూనివర్సిటీ ఉంది. మనకు దగ్గర్లో అయితే నంబూరు పక్కన నాగార్జున యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ ఉన్నాయి. ఏపీ పీజీసెట్ రాయాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, చాలామంది పిల్లలు ఆలస్యంగా తెలుసుకుంటారు. మన దేశంలో ఉద్యోగాలను తేల్చేది ఎక్కువగా పీజీ సబ్జెక్టు. గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వారి పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండేళ్ల పీజీ డిప్లొమా ఇస్తుంది, ఈ రంగంలో మంచి శిక్షణ అదే. దానికి చరిత్ర, ఆర్కియాలజీ, ఆంత్రొపాలజీ, ప్రాచీన భాషలు, జియాలజీ లాంటి సబ్జెక్టుల్లో పీజీ ఉండాలి. ఎకనామిక్స్ పీజీతో అక్కడ ప్రవేశం లేదు. అలాగే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు ఎకనామిక్స్‌లో పీజీ కావాలి, ఆర్కియాలజీ పీజీ పనికిరాదు. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా సరే, కానీ ఆప్షనల్స్‌లో ఎకనామిక్స్, హిస్టరీ, ఆంత్రొపాలజీ ఉన్నాయి, ఆర్కియాలజీ పేరుతో లేదు. యూజీసీ నెట్ మాత్రం రెండింటిలోనూ ఉంది. కాబట్టి డిగ్రీ మూడో ఏడాదిలో నువ్వు ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. ఇప్పుడే తీసుకోనక్కర్లేదు. ఇప్పుడే తీసుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే వినకు.

క్లాడియా గోల్డిన్ పేరు విని ఉంటావు, స్త్రీల ఉద్యోగాలు, జీతాల చరిత్ర మీద పనిచేసి 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ తీసుకుంది. చిన్నప్పుడు ఆమె ఆర్కియాలజిస్టు కావాలనుకుంది. తర్వాత మైక్రోబయాలజీ అనుకుంది, చివరికి ఎకనామిక్స్‌లో చేరింది. పాత రికార్డులు తవ్వి తీయడమే ఆమె పరిశోధన పద్ధతి అయింది.

ఉద్యోగాల గురించి మీ బాబాయి అన్న మాటలో నిజం లేకపోలేదు. కేంద్ర పురావస్తు శాఖలో, రాష్ట్ర శాఖలో, మ్యూజియంలలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. ఒక్క ఆర్కియాలజీనే నమ్ముకుని, ఆర్థికంగా వెనక ఆసరా లేకుండా ఏళ్ల తరబడి ఎదురుచూసిన పిల్లల్ని నేను చూశాను, మనసు కష్టపడింది. అందుకే నీ చేతిలో డేటాతో పనిచేసే నైపుణ్యం ఉండాలంటున్నాను. ఎకనామిక్స్ పీజీతో బ్యాంకులు, పరిశోధన సంస్థలు, రిజర్వ్ బ్యాంకు ఆర్థిక పరిశోధన విభాగం, లెక్చరర్ పోస్టులు ఉంటాయి. రెండూ తెలిసినవాళ్లకే కుదిరే పని కూడా ఉంది. నాగార్జునకొండ సంగతే చూడు. ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వి, కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదికీ, అనుపుకూ చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఏది కాపాడాలి, ఏది నీళ్లకు వదలాలి, అందుకు ఎంత ఖర్చు, ఆనకట్ట వల్ల లాభం ఎంత అన్న ప్రశ్నలు ఆనాడూ ఉన్నాయి, ప్రతి రోడ్డుకూ, రిజర్వాయరుకూ ఈనాడూ ఉన్నాయి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలకు వీల్లేదు, ఆ పైన 200 మీటర్లు అనుమతి తీసుకోవాలి అని 2010 చట్ట సవరణ చెబుతోంది. ఆ గీత లోపల భూమి ఉన్న రైతు ఏమవుతాడు? అతనికి నష్టపరిహారం ఎలా లెక్కగట్టాలి? అతను ఆ కట్టడాన్ని శత్రువుగా చూడకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాళ్లు మనకు చాలా తక్కువ మంది ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అమరావతి దిబ్బ పలకలను ఇళ్లు కట్టుకోవడానికి తవ్వుకుపోయారు, సున్నం కోసం కాల్చారు. అందులో అజ్ఞానం ఎంతో, ఆనాటి మనిషికి ఆ రాయి సున్నంగా తప్ప ఇంకెలాగూ అక్కరకు రాకపోవడం అంతే ఉంది. ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను.

సీఏ గురించి ఒక్క మాట. ఇష్టం ఉన్నవాళ్లకు అది గొప్ప చదువు. నీ ఉత్తరంలో దాని మీద ఇష్టం ఒక్క అక్షరంలోనూ కనపడలేదు, కాబట్టి దాని జోలికి పోను.

మీ నాన్నగారు ఏమీ అనలేదన్నావు. ఆయన మౌనాన్ని వద్దన్నట్టుగా తీసుకోకు. ఒక ఆదివారం ఆయన పక్కన కూర్చుని యార్డు లెక్క చెప్పమని అడుగు. టిక్కీ (మిర్చి బస్తా) కాటాకెక్కిన దగ్గర్నుంచి రైతు చేతికి పట్టీ (లెక్క చీటీ) వచ్చేదాకా కమీషన్ ఎంత, హమాలీ ఎంత, ముందు ఇచ్చిన అడ్వాన్సు మీద వడ్డీ ఎలా పట్టుకుంటారు, ధర పడిపోతే సరుకు కోల్డ్ స్టోరేజీకి ఎందుకు వెళ్తుంది, అక్కడ అద్దె ఎవరు కడతారు, అన్నీ రాసుకో. ఆ తర్వాత ఉషవదాతుడి లెక్క ఆయనకు చదివి వినిపించు. వర్తకానికి నమ్మకం ఎలా ఏర్పడుతుందో పుస్తకాల కంటే ఆయనే నీకు బాగా చెప్పగలరు. అన్నట్టు, ఆ మిర్చి పోర్చుగీసువాళ్లతో పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. శాతవాహనుల కాలంలో గుంటూరు సీమలో ఎవరూ మిరపకాయ చూడలేదు. ఒక పంట ఎప్పుడు వచ్చింది, దేని చోటు తీసుకుంది అని తెలుసుకోవడానికి తవ్వకాల్లో మట్టిని నీళ్లలో కలిపి, తేలిన కాలిన గింజల్ని వడకట్టి భూతద్దం కింద చూస్తారు. అదీ ఎకనామిక్సే.

చివరగా తవ్వకాలు. ఇంటర్ పిల్లల్ని తవ్వకాల్లోకి సాధారణంగా తీసుకోరు. తవ్వకానికి కేంద్ర పురావస్తు శాఖ లైసెన్సు ఉండాలి, యూనివర్సిటీలు, శాఖలు తమ విద్యార్థులతో చేస్తాయి. పీజీలో నీ వంతు వస్తుంది. అప్పుడు కూడా మొదటి రోజే తాపీ చేతికిచ్చి శిల్పాలు తీయమనరు. పాటరీ యార్డులో కూర్చోబెడతారు. ఎండలో గళ్లు గీసిన నేల మీద ఏ గుంటలో ఏ పొరలో దొరికిన పెంకుల్ని ఆ గడిలోనే పోసి, బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్క దాని మీద సన్నటి కలంతో స్థలం, గుంట, పొర నంబరు రాయాలి. అంచులు వేరు, అడుగులు వేరు, ఎరుపు వేరు, నలుపు వేరు చేసి లెక్కపెట్టాలి. నంబరు తప్పు పడితే ఆ పెంకు దేనికీ పనికిరాదు. ఇది విసుగనిపిస్తే పురావస్తు శాస్త్రం నీకు సరిపడదు. ఇందులో ఆనందం దొరికితే ఇక నిన్ను ఎవరూ ఆపలేరు.

అప్పటిదాకా ఖాళీగా ఉండనక్కర్లేదు. అమరావతి మ్యూజియానికి మళ్లీ వెళ్లు, ఈసారి స్కూలు బస్సులో కాకుండా నోట్‌బుక్కుతో (శుక్రవారం సెలవు, గుర్తుంచుకో). శిల్పాల అందం ఒక గంట చూసి, తర్వాత వాటి మీది దాన శాసనాల వివరాలు రాసుకో: ఎవరిచ్చారు, ఏ వృత్తి, ఏ ఊరు, ఆడా మగా. గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం, విజయవాడలో బాపు మ్యూజియం ఉన్నాయి. తెనాలి నుంచి రేపల్లె లైనులో భట్టిప్రోలు స్టేషన్‌లో దిగితే స్తూపం చూడవచ్చు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వి తీసిన ధాతు పేటికల మీది శాసనాల్లో నిగమం, గోష్ఠి అనే సంఘాల ప్రస్తావన ఉంది. మన దగ్గర దొరికిన అతి పాత శాసనాల్లో అవి ఉన్నాయి. సెలవుల్లో బ్రాహ్మీ అక్షరాలు నేర్చుకో, తెలుగు గుణింతం వచ్చినవాళ్లకు త్వరగా పట్టుబడతాయి.

దిబ్బల మీద తిరిగేటప్పుడు ఒక్క పెంకు కూడా జేబులో వేసుకోకు. చోటు మారితే దాని విలువ పోతుంది. నాణెం లాంటిదేదైనా కనిపిస్తే తహసీల్దారు ఆఫీసులో గానీ పురావస్తు శాఖలో గానీ చెప్పాలి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని అందులో రాసి ఉంది. ఫోటో తీసుకో, చోటు రాసుకో, అక్కడే వదిలేసి రా. ముందు పబ్లిక్ పరీక్షలు రాయి, ముఖ్యంగా మ్యాథ్స్. డిగ్రీ అడ్మిషన్ల సమయంలో ఏ కాలేజీలో ఏ కాంబినేషన్ దొరుకుతోందో రాసి పంపు, ఎంచుకోవడంలో సాయం చేస్తాను.